నెట్‌హ్యాక్: ఫోర్స్ బోల్ట్ ఉన్నట్టుండి పలకడం ఎందుకు మానేసింది?

#1 తొలిమెట్టు

అందరికీ నమస్కారం. నెట్‌హ్యాక్ అనే ఈ కంప్యూటర్ ఆట ఆడటం మొదలుపెట్టి మూడు నెలలైంది. వెర్షన్ 3.6. ఇన్నాళ్ళూ యోధురాలి పాత్ర వాల్కిరీతోనే ఆడాను. మొన్న తొలిసారి మంత్రాలు వేసే పాత్ర విజార్డ్‌ను ఎంచుకున్నాను. మొదటి నాలుగు అంతస్తులు హాయిగా సాగాయి. జెడ్ నొక్కి, ఫోర్స్ బోల్ట్ అనే దాడి మంత్రాన్ని ఎంచుకుని, దిక్కు చూపిస్తే చాలు, ఎదురుగా ఉన్నది కూలిపోయేది. మంత్రాలకు ఖర్చయ్యే పవర్ అయిపోతే మళ్ళీ నిండేదాకా పెంపుడు పిల్లిని ముందుకు పంపి, నేను వెనక నిలబడేదాన్ని.

తరువాత గ్నోమిష్ మైన్స్ అనే గనుల్లోకి దిగాను. అక్కడ ఒక డ్వార్ఫ్‌ను చంపితే మిత్రిల్ కవచం, ఇనుప శిరస్త్రాణం దొరికాయి. రెండూ తొడుక్కున్నాను. రక్షణ ఒక్కసారిగా 6 అంకెలు మెరుగుపడింది. ఇక నన్నెవరూ ఏమీ చేయలేరనుకున్నాను. సరిగ్గా అప్పటి నుంచే మంత్రం పలకడం మానేసింది. నాలుగుసార్లు వేస్తే ఒక్కసారి తగిలేది. తక్కిన మూడుసార్లూ మంత్రాన్ని సరిగా పలకలేకపోయారన్న సందేశమే. పలకకపోయినా పవర్ కొంత ఖర్చవుతూనే ఉంది. చివరకు హిల్ ఓర్క్‌ల గుంపు చుట్టుముట్టినప్పుడు వరుసగా ఐదుసార్లు విఫలమై చనిపోయాను.

అంతకు ముందే నాతో శాంతంగా ఉన్న ఒక గ్నోమ్‌ను పొరపాటున చంపాను. దానివల్ల అదృష్టం పడిపోయి ఇలా జరిగిందా? లేక మంత్రాలు వాడే కొద్దీ అరిగిపోతాయా? నిజంగా అర్థం కావడం లేదు. చాలా ఇష్టపడి పెంచుకున్న పాత్ర.


#2 గబ్బిలం

మిత్రిల్ వల్ల. ప్లస్ కీ నొక్కితే మీ మంత్రాల జాబితా వస్తుంది. అందులో ప్రతి మంత్రం పక్కనా వైఫల్య శాతం ఉంటుంది. కవచం వేసుకోకముందు ఒకసారి, వేసుకున్నాక ఒకసారి చూడండి.


#3 పాతచీటీ

తొలిమెట్టు గారూ, పాత్ర పోయినందుకు బాధగా ఉంది. విజార్డ్‌తో ఆడే దాదాపు ప్రతి ఒక్కరూ మొదట పడేది ఈ గోతిలోనే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు అదృష్టం సంగతి. శాంతంగా ఉన్నవారిని చంపితే అదృష్టం తగ్గే ప్రమాదం ఉన్న మాట నిజమే. దాని దెబ్బ ప్రార్థన మీద, మరికొన్ని చోట్ల పడుతుంది. మంత్రం పలికే లెక్కలోకి మాత్రం అది రాదు. మంత్రాలు వాడితే అరిగేవి కూడా కావు. మీ మంత్రాన్ని ఆపింది మీ ఒంటి మీది లోహం.

మంత్రానికి ఎంత అడ్డు ఉందో ఆట ఒక అంకెగా లెక్కిస్తుంది, దాన్ని భారం అందాం. విజార్డ్‌కు పుట్టుకతోనే 1 భారం ఉంటుంది. లోహపు కవచం తొడిగితే దానికి 10 కలుస్తుంది. లోహపు శిరస్త్రాణానికి 4, లోహపు చేతి తొడుగులకు 6, లోహపు బూట్లకు 2. మొత్తం 20కి చేరితే ఇక ఏ మంత్రమూ పలకదు. మిత్రిల్ తేలికగా ఉంటుంది కాబట్టి మంత్రాలకు అడ్డురాదని అనుకుంటాం. బరువుతో దీనికి పని లేదు. ఆట దృష్టిలో మిత్రిల్ కూడా లోహమే. డ్వార్ఫ్‌లదైనా ఎల్ఫ్‌లదైనా తేడా లేదు.

ఇప్పుడు మీ పాత్ర లెక్క చూద్దాం. తెలివి 18 అనుకుంటున్నాను. దాడి మంత్రాల్లో విజార్డ్ నైపుణ్యం మొదటి నుంచీ బేసిక్ అనే మెట్టులో ఉంటుంది. ఫోర్స్ బోల్ట్ మొదటి లెవెల్ మంత్రం. ఏమీ వేసుకోకపోతే వైఫల్యం 0 శాతం. ఇనుప శిరస్త్రాణం ఒక్కటే పెట్టుకుంటే అప్పుడూ 0. మిత్రిల్ ఒక్కటే వేసుకుంటే 40. రెండూ కలిపి వేసుకుంటే 76.

శిరస్త్రాణానికి విడిగా ఏ నష్టమూ లేనప్పుడు, మిత్రిల్‌తో కలిస్తే ఇంత ఎలా పెరిగిందని అడగవచ్చు. మొదటి లెవెల్ మంత్రం విజార్డ్‌కు ఎంత సులువంటే, దాన్ని పలికే సామర్థ్యం 100కు చాలా పైన ఉంటుంది. చిన్న భారాన్ని ఆ మిగులు మింగేస్తుంది. తెర మీద అంకె కదలదు. మిగులు కరిగిపోయాక కలిసే ప్రతి భారమూ నేరుగా శాతంలో కనిపిస్తుంది. శిరస్త్రాణం పెట్టుకున్నప్పుడు ఏమీ కాలేదు కాబట్టి కవచానికీ ఏమీ కాదనుకోవడం అందుకే ప్రమాదం. మీకు నాలుగింట ఒక్కసారే పలికిందన్నారు. 76 శాతానికి అది సరిగ్గా సరిపోతోంది.

విఫలమైనప్పుడు పోయేది సగం పవర్. మంత్రం ఖర్చు దాని లెవెల్‌కు 5 చొప్పున ఉంటుంది. మొదటి లెవెల్‌కు 5, నాలుగో లెవెల్‌కు 20.


#4 తొలిమెట్టు

పాతచీటీ గారూ, చాలా చాలా కృతజ్ఞతలు. మీ మాట మీద నమ్మకం లేక కాదు గానీ, నా కళ్ళతో చూడాలనిపించింది. కోరిన వస్తువులు ఇచ్చే డీబగ్ మోడ్‌లో కొత్త విజార్డ్‌ను తెరిచి, తెలివి 18 చేసి, మిత్రిల్‌నూ శిరస్త్రాణాన్నీ కోరుకుని, ఒక్కొక్కటే తొడుగుతూ ప్రతిసారీ ప్లస్ నొక్కాను. 0, 40, 76. అక్షరాలా మీరు చెప్పిన అంకెలే. ఆ 76ను తెర మీద చూసినప్పుడు మనసు చివుక్కుమంది. ఆ అంకె మొదటి నుంచీ అక్కడే ఉంది. నేను ఒక్కసారీ ఆ తెర తెరవలేదు.

ఒక ప్రశ్న. అలాగైతే విజార్డ్ జీవితాంతం ఒంటి మీద ఏ రక్షణా లేకుండా తిరగాల్సిందేనా?


#5 పాతచీటీ

అక్కర్లేదు. లోహం కానివి ఎన్నో ఉన్నాయి. ఎల్ఫ్‌ల తోలు శిరస్త్రాణం, తోలు బూట్లు, తోలు చేతి తొడుగులు, రకరకాల అంగీలు. వీటిలో దేనికీ భారం లేదు. డ్రాగన్ పొలుసుల కవచం కూడా లోహం కాదు. చివరి దాకా వెళ్ళే విజార్డ్‌లు ఎక్కువమంది దాని కోసమే చూస్తారు. లోహపు శిరస్త్రాణాల్లో హెల్మ్ ఆఫ్ బ్రిలియన్స్ ఒక్కదానికి మినహాయింపు ఉంది.

మరొకటి రోబ్, కవచం మీద వేసుకునే ఒక రకం అంగీ. దీన్ని ఎవరూ వదులుకోకూడదు. లోహపు కవచం మీద రోబ్ వేసుకుంటే కవచం భారం సగానికి తగ్గుతుంది. మీ అంకెలతోనే చూస్తే, మిత్రిల్ మీద రోబ్ వేస్తే ఫోర్స్ బోల్ట్ వైఫల్యం 40 నుంచి మళ్ళీ 0కు వస్తుంది. దానికి ఇనుప శిరస్త్రాణం కూడా చేరిస్తే 31. కవచం లేకుండా రోబ్ ఒక్కటే వేసుకుంటే అది భారాన్ని తగ్గించడమే కాదు, ఎదురు లాభం ఇస్తుంది.

డాలు మాత్రం పూర్తిగా మానేయండి. చిన్న డాలు కంటే బరువైనది ఏది పట్టుకున్నా, మంత్రం పలికే అవకాశం నాలుగో వంతుకు పడిపోతుంది.


#6 నిశ్శబ్దం

నేను ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎవరినీ నొప్పించాలని కాదు.

ఈ ఆట వయసు చిన్నది కాదు. 1987 నుంచి ఉంది. దీన్ని చేసినవాళ్ళు ఏ వస్తువు ఏమి చేస్తుందో చాలా వరకు రాసి పెట్టకుండా వదిలేశారు. అందులోనే దీని ప్రాణం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. లోహం మంత్రాన్ని అడ్డుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఏడెనిమిది పాత్రలు పోయాక, ఒక రాత్రి ఊరికే కవచం విప్పి చూస్తే మంత్రం పలికింది. ఆ క్షణం ఇప్పటికీ గుర్తుంది. లేచి గదంతా తిరిగాను. తొలిమెట్టు గారికి ఆ క్షణం ఇక రాదు. 10, 4, 6, 2 అని ముందే చేతిలో పెట్టేశాం.

అడిగిన దానికి జవాబు చెప్పవద్దని నా ఉద్దేశం కాదు. ఎంత చెప్పాలో కొంచెం ఆలోచించాలి.


#7 పాతచీటీ

నిశ్శబ్దం గారూ, మీ మాటకు విలువ ఇస్తాను. మీరు చెప్పిన ఆ రాత్రి లాంటిది నాకూ ఉంది. అయినా ఒక చోట మీతో ఏకీభవించలేను.

వైఫల్య శాతం దాచిన రహస్యం కాదు. ఆటే దాన్ని ప్లస్ తెరలో అంకెగా చూపిస్తోంది. చేసినవాళ్ళు దాన్ని దాచాలనుకుంటే దాచేవారే. తలుపు వెనక రాక్షసుడు ఉన్నాడా, ఈ పానీయంలో ఏముంది, ఈ చీటీ చదివితే ఏమవుతుంది, ఇవి దాచారు. మీ చేతిలోని మంత్రం ఇప్పుడు పలుకుతుందా లేదా అన్నది దాచలేదు. తొలిమెట్టు గారికి నేను భారాల పట్టిక ఇవ్వకుండా, ఏది తొడిగినా, ఏది విప్పినా ఆ తెర చూడమని మాత్రమే చెప్పి ఉంటే సరిపోయేదేమో. అది ఒప్పుకుంటాను. ఆ తెర చూడటం నేర్పడం మాత్రం ఎవరి ఆనందాన్నీ దోచుకోవడం కాదు. ఎవరి మంత్రం ఎందుకు ఆగిందో వారే కనుక్కునే దారి అదొక్కటే.


#8 నిశ్శబ్దం

ఆ తేడా న్యాయంగానే ఉంది. నిజం చెప్పాలంటే నేను ఆ తెర తెరిచి ఉంటే ఏడెనిమిది పాత్రలు పోయేవి కావు. ఇప్పుడు నేను చేసేదీ అదే. ఆడుతున్నంతసేపూ పక్కన ఒక నోటు పుస్తకం ఉంచుకుంటాను. కొత్తది ఏది తొడిగినా ముందు శాతం, వెనక శాతం రాసుకుంటాను. పట్టికలు చూడను. నా పుస్తకంలోనే నా పట్టిక తయారవుతుంది. తొలిమెట్టు గారు మిగిలినవైనా ఇలా ప్రయత్నిస్తే బాగుంటుందని నా కోరిక.


#9 వెన్నెలగది

చర్చ అంతా పలకడం మీదే సాగుతోంది. అంతకంటే ముందు, మంత్రం నేర్చుకోవడానికి పుస్తకం చదవడం అనే గండం ఒకటి ఉంది. అక్కడ పోయిన పాత్రలు నాకు ఎక్కువ. నేను ఎప్పుడూ పూజారి పాత్ర ప్రీస్ట్‌తోనే ఆడతాను.

ప్రీస్ట్‌కు ఒక వరం ఉంది. ఏ వస్తువును చూసినా దానికి శాపం ఉందా, దీవెన ఉందా, రెండూ లేవా అన్నది వెంటనే తెలిసిపోతుంది. ఒకసారి నా పాత్ర లెవెల్ 8లో ఉండగా ఒక మంత్రపుస్తకం దొరికింది. శాపం లేదు. సరే, భయం లేదనుకుని కూర్చుని చదివాను. తల తిరిగి, చాలా టర్న్‌ల (ఆటలోని వంతుల) పాటు చేయి కాలు కదపలేని స్థితిలో ఉండిపోయాను. ఈలోగా సోల్జర్ యాంట్ అనే రాకాసి చీమ ఒకటి వచ్చింది. అంతే.

శాపం లేకపోవడం వేరు, దీవెన ఉండటం వేరు. నాకు అప్పుడు తెలియనిది ఇదే. శాపం ఉన్న పుస్తకం ప్రతిసారీ విఫలమవుతుంది. దీవెన ఉన్నది ఎప్పుడూ విఫలం కాదు, ఎంత కష్టమైన పుస్తకమైనా సరే. రెండూ లేని పుస్తకానికి మాత్రం పాచికలు పడతాయి. మీ తెలివికి 4 కలపండి. మీ లెవెల్‌లో సగం కలపండి. పుస్తకం లెవెల్‌కు రెట్టింపు తీసేయండి. కళ్ళకు లెన్సులు పెట్టుకుంటే ఇంకో 2 కలపండి. వచ్చిన అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే నిశ్చింత. తక్కువైతే ఎన్ని అంకెలు తక్కువో, ఒక్కొక్క దానికి 5 శాతం చొప్పున ప్రమాదం.

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. ప్రీస్ట్ మంత్రం పలికేది వివేకంతో. నా వివేకం 18. చదవడానికి మాత్రం ఏ పాత్రకైనా లెక్కలోకి వచ్చేది తెలివే. నా తెలివి 9. పుస్తకం ఐదో లెవెల్‌ది. 9కి 4, దానికి 4 కలిపి 17. అందులోంచి 10 పోతే 7. అంటే 65 శాతం ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుని చదివాను. నా సంచిలో అప్పటికి నాలుగు సీసాల పవిత్ర జలం ఉంది. ప్రీస్ట్ ఆట మొదలుపెట్టేదే ఆ నాలుగు సీసాలతో. పుస్తకాన్ని ఒక్కసారి అందులో ముంచి ఉంటే దీవెన వచ్చి ఉండేది.


#10 తొలిమెట్టు

వెన్నెలగది గారూ, చదువుతుంటేనే గుండె ఝల్లుమంది. విజార్డ్‌కు శాపాలు కనిపించవు కదా. మరి నేను పుస్తకం లెవెల్ ఎలా తెలుసుకోవాలి? శాపం ఎలా తెలుసుకోవాలి?


#11 వెన్నెలగది

శాపానికి బలిపీఠం. మైన్స్‌లోనే మైన్‌టౌన్ అనే ఊరు వస్తుంది, అందులో గుడి ఉంటుంది. పుస్తకాన్ని పీఠం మీద వదిలితే నల్లటి మెరుపు వస్తే శాపం, కాషాయపు మెరుపు వస్తే దీవెన, ఏ మెరుపూ లేకపోతే రెండూ లేనట్టు. బలిపీఠం దొరకకపోతే పిల్లి ఉంది. శాపం ఉన్న వస్తువు మీద అది అడుగు పెట్టదు. తప్పనిసరై పెడితే అయిష్టంగా కదిలిందని సందేశం వస్తుంది.

లెవెల్ తెలుసుకోవడానికి దుకాణం. మంత్రపుస్తకం అసలు ధర ఒక్కో లెవెల్‌కు 100 చొప్పున జోర్క్‌మిడ్‌లు, అంటే ఆటలోని నాణేలు. ఐదో లెవెల్‌ది 500. దుకాణదారు ఒక్కోసారి మూడో వంతు ఎక్కువ చెబుతాడు, మీ ఆకర్షణను బట్టి కూడా ధర మారుతుంది. అయినా మొదటి లెవెల్ పుస్తకాన్నీ ఏడో లెవెల్ పుస్తకాన్నీ కలగాపులగం చేసుకునేంత తేడా రాదు.

విజార్డ్‌కు ఇంకో సౌకర్యం ఉంది. పుస్తకం కష్టమైనదైతే అర్థం చేసుకోవడం కష్టమని హెచ్చరించి, కొనసాగించాలా అని అడుగుతుంది. మాకెవరికీ ఆ హెచ్చరిక రాదు. అది వచ్చినప్పుడు వద్దనడానికి వెనుకాడకండి. పుస్తకం ఎక్కడికీ పోదు. విఫలమైతే మూడింట ఒక వంతు అవకాశంతో అది బూడిదైపోతుంది.


#12 గబ్బిలం

తల తిరుగుతున్న స్థితిలో పుస్తకం తెరవవద్దు. చింపేసుకుంటారు.


#13 మూడోకన్ను

నేను డంజన్ క్రాల్ అనే ఇలాంటి మరో ఆట వైపు నుంచి వచ్చాను. అక్కడ కూడా బరువైన కవచం, డాలు మంత్రాల వైఫల్యాన్ని పెంచుతాయి. కాకపోతే బలం, నైపుణ్యం పెరిగితే ఆ భారం తగ్గుతుంది. మంత్రం తప్పితే కొన్నిసార్లు అది మన మీదే తిరగబడుతుంది. నెట్‌హ్యాక్‌లో సగం పవర్‌తో వదిలేస్తారని తెలిసి ఇది ఎంత మెత్తని ఆటో అనుకున్నాను. తరువాత మరచిపోవడం గురించి తెలిసింది. ఒకసారి నేర్చుకున్న మంత్రం శాశ్వతం కాదా?


#14 పాతచీటీ

కాదు. నేర్చుకున్న రోజు నుంచి 20,000 టర్న్‌లు. ప్లస్ తెరలోనే వైఫల్య శాతం పక్కన జ్ఞాపకం ఎంత మిగిలిందో కూడా కనిపిస్తుంది. తగ్గుతున్న కొద్దీ మంత్రం వేసినప్పుడు జ్ఞాపకం మసకబారుతోందన్న సందేశాలు వస్తాయి. పూర్తిగా పోయాక కూడా ఆ మంత్రం వేయాలని చూస్తే పవర్ పోతుంది, తల తిరుగుతుంది, అడుగులు తడబడతాయి. ఆ స్థితిలో ఎదురుగా శత్రువు ఉంటే బతకడం కష్టం.

అందుకే చదివిన పుస్తకాన్ని పారేయకూడదు. ఒక్కో పుస్తకం బరువు 50, వెంట మోయడం దండగ. ఒక సురక్షితమైన అంతస్తులో పెట్టెలో దాచి పెట్టండి. 2003లో వచ్చిన 3.4.3 వెర్షన్‌లో మంత్రం బాగా మసకబారితే తప్ప మళ్ళీ చదవనిచ్చేది కాదు. 2015లో వచ్చిన 3.6 నుంచి, మీకు ఇది బాగానే తెలుసు, అయినా జ్ఞాపకాన్ని తాజా చేసుకుంటారా అని అడుగుతుంది. నాకు ఈ మార్పు చాలా నచ్చింది. పొడవైన ప్రయాణానికి ముందు అన్నీ తాజా చేసుకుని బయలుదేరవచ్చు. ఒకే పుస్తకాన్ని పదే పదే చదివితే అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితాలు మిగులుతాయి. అది గుర్తుంచుకోండి.


#15 గబ్బిలం

కొత్తవారికి నా వంతుగా ఒకటి. స్లీప్ మంత్రం దొరికితే గొప్ప అదృష్టం. అది కిరణం. గోడకు తగిలి వెనక్కి వస్తుంది. ఇరుకు సందులో, ఎదురుగా గోడ ఉన్నప్పుడు నేను వేశాను. శత్రువు నిద్రపోయింది, వెనక్కి వచ్చిన కిరణంతో నేనూ నిద్రపోయాను. శత్రువు ముందు లేచింది. అప్పటి నుంచి నిద్రను తట్టుకునే శక్తి వచ్చేదాకా విశాలమైన గదిలో, ఏటవాలు దిక్కుల్లో తప్ప వేయడం లేదు. ఎల్ఫ్ విజార్డ్‌కు నాలుగో లెవెల్‌లో ఆ శక్తి దానంతట అదే వస్తుంది.

ఫోర్స్ బోల్ట్‌కు ఆ బాధ లేదు. అది కిరణం కాదు. కాకపోతే శత్రువు నిలబడ్డ చోట నేల మీద పానీయాల సీసాలు ఉంటే అవి పగిలిపోతాయి. బండరాళ్ళనూ పగలగొడుతుంది. దారి మూసుకుపోయినప్పుడు ఇది ఎంత మేలో.


#16 తొలిమెట్టు

రెండు వారాల తరువాత తిరిగి వచ్చాను. కొత్త విజార్డ్ లెవెల్ 6కు చేరింది. తెలివి 18. మైన్‌టౌన్ బలిపీఠం మీద పుస్తకాలను పరీక్షించాను. ఒకటి నల్లగా మెరిసింది, దాన్ని ముట్టుకోలేదు. ఇంకొకటి ఏ మెరుపూ లేదు. దుకాణంలో అడిగితే 400 చెప్పారు. వెన్నెలగది గారి లెక్క వేశాను. 18కి 4, దానికి 3 కలిపి 25. 8 పోతే 17. అంటే 15 శాతం ప్రమాదం. ఆలోచించి, తలుపు మూసిన చిన్న గదిలో కూర్చుని చదివాను. ఫైర్‌బాల్!

సంతోషంతో ప్లస్ నొక్కితే వైఫల్యం 62 శాతం అని ఉంది. ఒంటి మీద లోహం ఒక్క ముక్క కూడా లేదు. ఇప్పుడేమి తప్పు చేశాను?


#17 పాతచీటీ

ఏ తప్పూ చేయలేదు. పైగా అన్నీ సరిగ్గా చేశారు. మీ అంకెలతో లెక్క వేస్తే నాకూ 62 వచ్చింది. మిగిలింది నైపుణ్యం.

మంత్రాలు ఏడు శాఖలు. దాడి, వైద్యం, దివ్యదృష్టి, వశీకరణ, దైవకార్యం, తప్పించుకోవడం, పదార్థం. ఫోర్స్ బోల్ట్, మ్యాజిక్ మిసైల్, ఫైర్‌బాల్ మూడూ దాడి శాఖవే. ఆ శాఖలో మీరు ఇంకా బేసిక్‌లో ఉన్నారు. తరువాతి మెట్టు స్కిల్డ్‌కు వెళ్ళిన మరుక్షణం ఫైర్‌బాల్ వైఫల్యం ఎంతవుతుందో తెలుసా? 0. మీ లెవెల్ అదే, తెలివి అదే, ఒక్క నైపుణ్యం మారితే 62 కాస్తా 0 అవుతుంది. ఈ ఆటలో నాకు అన్నింటికంటే నచ్చే మలుపు ఇదే.

స్కిల్డ్‌కు వెళ్ళాలంటే సాధన 80కి చేరాలి. విజార్డ్ దాడి శాఖలో 20తో మొదలవుతాడు. సరిగ్గా పలికిన ప్రతి మంత్రమూ తన లెవెల్ అంత సాధన ఇస్తుంది. ఫోర్స్ బోల్ట్ 1, మ్యాజిక్ మిసైల్ 2. అంటే మొదటి నుంచీ 60 ఫోర్స్ బోల్ట్‌లు గానీ 30 మ్యాజిక్ మిసైల్‌లు గానీ. పవర్ లెక్కన రెండూ సమానమే, 300. విఫలమైన మంత్రం ఏ సాధనా ఇవ్వదు. కాబట్టి 62 శాతంతో ఫైర్‌బాల్ వేస్తూ నేర్చుకోవాలని చూడకండి. ఫోర్స్ బోల్ట్‌నే నమ్ముకోండి.

సాధన నిండాక మంత్రవిద్య మీద నమ్మకం పెరిగినట్టు ఒక సందేశం వస్తుంది. దాన్ని చూసి మురిసిపోయి ఊరుకుంటే సరిపోదు. ఎన్‌హాన్స్ ఆదేశం ఇచ్చి, మీరే ఆ నైపుణ్యాన్ని పెంచుకోవాలి. చాలామంది ఇక్కడ వేల టర్న్‌లు పోగొట్టుకుంటారు.


#18 తొలిమెట్టు

ఆ సందేశం నాకు నిన్ననే వచ్చింది! మంచి మాటేదో చెప్పిందనుకుని ముందుకు వెళ్ళిపోయాను. ఇప్పుడే ఆదేశం ఇచ్చాను. దాడి మంత్రాలు, స్కిల్డ్. ప్లస్ నొక్కాను. ఫైర్‌బాల్, 0.

నిశ్శబ్దం గారూ, మీరు చెప్పిన ఆ క్షణం నాకూ వచ్చింది. నేనూ లేచి గదంతా తిరిగాను.


#19 నిశ్శబ్దం

ఇది చదివి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇంకొకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. స్కిల్డ్‌లో ఫైర్‌బాల్ తీరు మారిపోతుంది. ఇకపై దిక్కు కాదు, చోటు అడుగుతుంది. ఎలా మారిందో నేను చెప్పను. పెద్ద గదిలో, దూరంగా ఉన్న శత్రువు మీద మొదటిసారి వేయండి. మీకు దగ్గరగా మాత్రం వద్దు.


#20 మూడోకన్ను

నా వాల్కిరీ కూడా ఒక హీలింగ్ పుస్తకం చదివి నేర్చుకుంది. వైఫల్యం చాలా ఎక్కువగా ఉంది. పలికినప్పుడేమో ఆకలి త్వరగా వేస్తోంది. ఇది మామూలేనా?


#21 పాతచీటీ

మామూలే. వాల్కిరీకి పుట్టుకతో ఉన్న భారమే 10. లోహపు కవచం వేస్తే మరో 9. వైద్య మంత్రాలకు కొద్దిగా తగ్గింపు ఉంది గానీ అది ఏ మూలకూ చాలదు. పలికిన ప్రతి మంత్రానికీ లెవెల్‌కు 10 చొప్పున కడుపులోంచి పోతుంది. తెలివి 17 గానీ ఆపైన గానీ ఉన్న విజార్డ్‌కు మాత్రమే ఆ ఆకలి ఉండదు. 16 అయితే నాలుగో వంతు, 15 అయితే సగం. వాల్కిరీతో మంత్రాలు వేయాలనుకుంటే కవచం విప్పి, ప్రమాదం లేని చోట గాయాలు మాన్పుకోవడానికి వాడుకోండి. యుద్ధం మధ్యలో నమ్ముకోవద్దు.


#22 తొలిమెట్టు

పెద్ద గదిలో వేశాను. దూరంగా ఓర్క్‌ల గుంపు. ఒక్క మంత్రానికి మంట ఒకచోట కాదు, వరుసగా చాలాచోట్ల పేలింది. గుంపులో ఒక్కటి మిగిలింది, దానికి ఫోర్స్ బోల్ట్ సరిపోయింది. మొదటి పాత్ర చనిపోయింది ఇలాంటి గుంపు చేతిలోనే. 25 పవర్ ఖర్చు, నిండడానికి చాలాసేపు పట్టింది, అయినా పరవాలేదు.

నేనూ ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాను. మొదటి పేజీలో మిత్రిల్, 40. పుస్తకాలు రెండూ పెట్టెలో దాచాను. ఇక మైన్స్ వదిలి కిందికి దిగుతున్నాను. మంత్రాలను నమ్ముకున్నవారు దారిలో అన్నింటికంటే దేనికి భయపడాలి?


#23 గబ్బిలం

మైండ్ ఫ్లేయర్‌లకు. అవి మెదడు తింటాయి, తెలివి తగ్గుతుంది, నేర్చుకున్న మంత్రాలు కూడా మరచిపోవచ్చు. కనిపించగానే దూరం నుంచే కొట్టండి, పక్కకు రానివ్వకండి. పుస్తకాలు ఏ అంతస్తులో దాచారో నోటు పుస్తకంలో రాసుకున్నారా?


#24 తొలిమెట్టు

ఇప్పుడే రాసుకున్నాను.